అరాగము: ఫలింపని ప్రేమపై తెలుగువారి వాదము

తాను ప్రేమించినవారు తిరిగి ప్రేమింపనప్పుడు మనిషి ఏమి కావలెను, ఆపైని బ్రతుకునకు అర్థమెక్కడ వెదకికొనవలెను అను ప్రశ్న మనుచరిత్రమునాటినుండి నేటి చలనచిత్రమువరకు తెలుగువారి నడుమ నలుగుచునే యున్నది. ఆలంకారికులు దీనిని రసదోషమని ప్రక్కకు నెట్టిరి. భావకవులు దీనినే నెత్తికెత్తుకొనిరి. అభ్యుదయవాదులు తీరికగలవారి దుఃఖమని ఈసడించిరి, సినిమావారు టికెట్టు పెట్టి అమ్ముకొనిరి, మనస్తత్త్వవేత్తలు కొలతలు తీసిరి, తుదకు శాసనకర్తలును తల దూర్పవలసివచ్చినది. ఇందరు తమతమ పరిభాషలలో మాటలాడుటచేత వాదము చిక్కుపడి, ఎవరు దేనికి సమాధానము చెప్పుచున్నారో తెలియని స్థితికి వచ్చినది. వేములపల్లిలో బస్సెక్కి మిర్యాలగూడ కళాశాలకు పోవు కుఱ్ఱవాని నోట ఇదంతయు 'వన్ సైడ్ లవ్' అను మూడు ముక్కలలో తేలిపోవును గాని, ఆ మూడు ముక్కల వెనుక పెనవేసికొనియున్న వాదములను విడదీసి చూడవలసిన అవసర మున్నది.

ముందుగా ఒక హద్దు గీసికొనుట మంచిది. ఇరువురును ప్రేమించుకొనగా కులమో కుటుంబమో అడ్డుపడిన గాథ వేఱు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతియైన భార్యతో ఆసుపత్రినుండి వెలుపలికి వచ్చుచున్న దళిత యువకుని పట్టపగలు నరికి చంపిన సంగతిని, ఆ కేసులో 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి ఉరిశిక్షయు ఆరుగురికి యావజ్జీవ కారాగారమును విధించిన సంగతిని ఈ ప్రాంతమువా రెవరును మఱచియుండరు. అక్కడ ప్రేమ ఫలించినది. ఫలించినందుకే హత్య జరిగినది. అట్టి ఘటనలను 'ప్రేమ వైఫల్యము' పద్దులో జమకట్టుట హంతకులకు ఉపకారము చేయుటయే. ఈ సమీక్ష ఒకరి మనస్సు ఒకవైపున నిలిచి, రెండవవారి మనస్సు అటు తిరుగనే తిరుగని స్థితికి మాత్రమే పరిమితము.

రాచకొండ ఏలిక చేసిన విభాగము

ఈ ప్రశ్నకు తొలి శాస్త్రీయ సమాధానములలో ఒకటి మన యింటిముంగిటనే పుట్టినది. పాత నల్లగొండ జిల్లాలోని రాచకొండను 14వ శతాబ్దిలో ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు, రసార్ణవసుధాకరమను సంస్కృత లక్షణగ్రంథమున, శృంగారాభాసమును నాలుగు విధములుగా విభజించి, మొదటిదానికి అరాగమని పేరు పెట్టెను. ఇరువురిలో ఒకరియందు రాగము లేకుండుటయే అరాగము. ప్రేమ ఒకచోట మాత్రమే యున్నప్పుడు అది శృంగారరసము కాజాలదు, శృంగారమువలె కనబడునది మాత్రమే యని లాక్షణికుల సామాన్యసిద్ధాంతము. సీతపై రావణుని వలపు వారు చూపు ప్రసిద్ధోదాహరణము.

అంతటితో ఆగియుండినచో ఆ గ్రంథము నిట తడవవలసిన పని లేకపోవును. రాగము లేకుండుట యన ఏమి యని ప్రశ్నించుకొని, తార్కికుల పద్ధతిని అభావమును మూడుగా విడదీసి చూచుటయే అందలి విశేషము. ప్రాగభావమన ఇంకను పుట్టకుండుట. దర్శనాది కారణములు కూడివచ్చినచో పుట్టవచ్చును. ప్రధ్వంసాభావమన ఉండి నశించుట. అత్యంతాభావమన ఏ కాలమందును లేకుండుట. మొదటిదానియందు ఆభాసత్వము లేదు. లేనియెడల ఒకరు ముందుగా మనసుపడిన ప్రతి కావ్యకథయు దోషదుష్టమే కావలసివచ్చును. కారణము లెన్ని యున్నను రాగము పుట్టని తక్కిన రెండు తావులందే ఆభాసము.

ఈ సూక్ష్మత ఆశ్చర్యము గొలుపును. తరువాతి యాఱువందల యేండ్లలో తెలుగువారు ఈ విషయమున పడిన తగవంతయు, నేడు పోలీసుస్టేషనులలో న్యాయస్థానములలో నలుగుచున్న తగవుతో సహా, ఎదుటివారి 'లేదు' ఈ మూడింటిలో ఏది యని గుర్తించుటయందే యున్నది. సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమర్రి తన వాడని చెప్పుకొను పినవీరభద్రుడు 15వ శతాబ్దిలో శృంగారశాకుంతలమును రచించెను. నిండుకొలువులో నీ వెవరవని అడుగబడిన శకుంతల నిలిచినది ప్రధ్వంసాభావపు అంచున. ఉంగరము దొరకి రాజునకు జ్ఞాపకము వచ్చినది గనుక కథ గట్టెక్కినది. ఉంగరము దొరకని శకుంతలల గూర్చి శాస్త్రము మౌనము వహించినది. ఆలంకారికుల పరిమితియు అదియే. వారి దృష్టి రసముపైననే గాని మనిషిపై కాదు. ఆభాసమని తీర్పు చెప్పినపిమ్మట, ఆ ఆభాసమున చిక్కి ఏడ్చుచున్నవాని సంగతి వారికి పట్టలేదు.

మనుచరిత్రములోని రెండు నిరాకరణములు

లక్షణకర్తలు వదలినచోట కవులు పట్టుకొనిరి. అల్లసాని పెద్దన 16వ శతాబ్దిలో వ్రాసిన మనుచరిత్రమున వరూధినీప్రవరుల కథ తెలిసినంతగా తెలుగువారికి మఱియొక ఫలింపని ప్రేమకథ తెలియదనినను అతిశయోక్తి కాదు. అరుణాస్పదపురపు గృహస్థు సిద్ధుడిచ్చిన పాదలేపముతో హిమాలయమునకు పోవుట, మంచునీటికి లేపము కరగుట, త్రోవ యడుగబోయి అప్సరస కంటబడుట, ఆమె వలచుట, అతడు ఆమెను త్రోసి, అగ్నిదేవుని వేడి ఇల్లు చేరుట బడిపిల్లలకును కంఠోపాఠము. విశ్వనాథ సత్యనారాయణవంటి దిట్ట ఆ కవి అల్లికను గూర్చి ఒక గ్రంథమే వ్రాసినారు. చర్చ యంతయు సాధారణముగా ప్రవరుని నిష్ఠ గొప్పదా, వరూధిని వేదన గొప్పదా యను చోటనే తిరుగును.

అయితే ఆ కావ్యమున నిరాకరణము ఒకటి కాదు, రెండు. వరూధినిని లోగడ ఒక గంధర్వుడు వలచి, ఆమెచే తిరస్కరింపబడియున్నాడు. ప్రవరుడు వెడలిపోయినపిదప ఆమె విరహమును గనిపెట్టి, ఆ గంధర్వుడే ప్రవరుని రూపము దాల్చి వచ్చి, ఆమెను పొందినాడు. మొదటి 'లేదు' పురుషునిది. దానిని కవియు దేవతలును గౌరవించిరి, అగ్ని స్వయముగా తోడు వచ్చెను. రెండవ 'లేదు' స్త్రీది. దానిని మాయతో దాటివేసిరి, ఎవరును తప్పుపట్టలేదు. పైగా ఆ మాయనుండియే స్వరోచి పుట్టి, అతని కుమారుడు మనువై, కావ్యమునకు పేరే తెచ్చినాడు. పురాణకథను పెద్దన మార్చవలసినదని ఎవరును అనరు. కాని ప్రవరుని మాటను స్థైర్యమనుచు, వరూధిని మాటను అడ్డంకి యనుకొను ఈ ద్వంద్వప్రమాణమును మన విమర్శ ఇంతకాలము చూచీచూడనట్లు పోవుట విచారకరము.

సారంగధర కథ దీనికి మఱియొక అంచు. చేమకూర వేంకటకవి 17వ శతాబ్దిలో కావ్యముగా వ్రాసినదియు, యక్షగానములుగా వీధినాటకములుగా పల్లెపల్లెన ఆడబడినదియు నగు ఆ కథలో, చిత్రాంగి సవతికొడుకును కోరి, కాదనిపించుకొని, అతనిపై నింద మోపి కాలుసేతులు నరికించును. వరూధిని భ్రమతో ఊరట చెందినది, చిత్రాంగి పగతో. నిరాశ చెందిన మనస్సు నడువగల రెండు పెడదారులును మన ప్రాచీనుల కెఱుకే. మూడవ దారి, అనగా 'లేదు' అను మాటను ఉన్నదున్నట్లు స్వీకరించి ముందునకు సాగు దారి, వారి కథలలో అరుదు.

కన్నీటికి కిరీటము

ఆ మూడవ దారిని తెఱచినవాడు రాయప్రోలు సుబ్బారావు. శాంతినికేతనమున కొంతకాలముండి రవీంద్రుని ప్రభావమునకు లోనై, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు బోధించిన ఈ కవి, 1912 ప్రాంతమున వెలువరించిన తృణకంకణమున, చిన్ననాటి చెలిమి వివాహముగా పరిణమింపక, ఆమె వేఱొకరి ఇల్లాలైనపిదప, ఆ యనురాగము స్నేహముగా నిలుచుటను చిత్రించెను. అమలినశృంగారమని ఆయన ప్రతిపాదించిన ఈ భావము సింగభూపాలుని ప్రధ్వంసాభావమునకు ఒక విధమైన ప్రత్యుత్తరము: రాగము నశింపలేదు, రూపు మాఱినది. గడ్డిపోచతో కట్టిన కంకణము తెగునది, తెగినను నొప్పింపనిది. అందుచే ఆ పేరు ఎంతయు ఉచితము.

భావకవి కృష్ణశాస్త్రితో దారి మఱల మలుపు తిరిగినది. 1925 నాటి కృష్ణపక్షము, ఆపైని ఊర్వశి, ప్రేయసి దొరకకుండుటనే ఒక విలువగా చేసినవి. దొరకనిదే గొప్పది, ఏడ్చుటయే బ్రతుకు అను ధోరణి ఆయన చేతిలో మహాకవిత్వమైనది గాని, అనుకర్తల చేతిలో వేషమైనది. పొడుగు జుట్టుతో, వ్రేలాడు పంచెకట్టుతో, ఏ స్త్రీ తిరస్కరింపకముందే తిరస్కృతులమని పద్యములు వ్రాసిన యువకులను ఆనాటి పత్రికలు తగినంతగా ఎగతాళి చేసినవి. అక్కిరాజు ఉమాకాంతము 1928లో ప్రకటించిన 'నేటికాలపు కవిత్వము' ఈ ధోరణిపై శాస్త్రపక్షమునుండి వచ్చిన అతికఠినమైన దాడి. ఆయన ఖండనమున పండితాహంకారము లేకపోలేదు. అయినను, ఆలంబనమే లేని దుఃఖము రసము కాజాలదను మూలాక్షేపమునకు భావకవిపక్షమువారు సరియైన సమాధానము చెప్పలేదనియే ఈ రచయిత యభిప్రాయము. ఎదుట ఒక స్త్రీ, ఆమెకొక మనస్సు, ఆ మనస్సునకొక ఇష్టము ఉన్నట్లు ఆ కవిత్వమున చాలచోట్ల కనబడదు.

విరహమును భగవంతునివైపు త్రిప్పు భక్తిమార్గమును ఈ సందర్భముననే చెప్పుకొనుట పరిపాటి. ఆముక్తమాల్యదలోని గోదాదేవి, క్షేత్రయ్య నాయికలు ఇందుకు సాక్షులు. అది మహోన్నతమార్గమే. అయితే దేవుడు ఆలస్యము చేయునేమో గాని కాదనడు. గోదను రంగనాథుడు స్వీకరించినాడు. భక్తిలో ఉన్నది ప్రాగభావమే. అత్యంతాభావమున చిక్కినవానికి దీనిని మందుగా ఇచ్చుట, కాదన్న మనిషిని దేవుని పీటపై కూర్చుండబెట్టుటకే దారితీయు ప్రమాదము గలదు.

చలము, శ్రీశ్రీ, బుచ్చిబాబు

ఇరువదవ శతాబ్ది రెండవ పాదమున మూడు ప్రత్యుత్తరములు వినవచ్చినవి. చలము 1927 నాటి మైదానమునుండియు ప్రేమ, ఆస్తి ఒకటి కావని వాదించెను. ప్రేమించుట నా యిష్టము, తిరిగి ప్రేమించుట నీ యిష్టము అను సూత్రము ఆయన రచనలనుండి సహజముగా తేలును. స్త్రీకి ఇష్టముండునని అంత గట్టిగా చెప్పినవారు ఆయనకు ముందు తక్కువ. ఆయనయే 1950లో అరుణాచలమునకు వెడలి అచ్చటనే స్థిరపడుటను కొందరు ఓటమి యనుకొనిరి, కొందరు పరిణతి యనుకొనిరి; ఆ తగవు నేటికిని తీరలేదు.

శ్రీశ్రీ మహాప్రస్థానము 1950లో పుస్తకరూపమున వచ్చినది. దానికి చలము వ్రాసిన యోగ్యతాపత్రము, కృష్ణశాస్త్రి శ్రీశ్రీల భేదమును, ఒకరి బాధ లోకమునకు ప్రాకుట, లోకపు బాధ ఒకరిలో చేరుట యను తూకముతో తేల్చిన సంగతి సుప్రసిద్ధము. అభ్యుదయవాదుల వాదము స్థూలముగా ఇది: నీ గుండె పగిలినది సరే, నీ ప్రక్కవాని కడుపు కాలుచున్నది, అటు చూడుము, నీ బ్రతుకునకు అర్థ మక్కడ దొరకును. 1946 నుండి 1951 వరకు సాయుధపోరాటమున మునిగిన సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలలో ఈ మాటను ప్రత్యేకముగా ఎవరును ప్రబోధింపవలసిన పనియే లేకపోయినది. ఈ వాదమున బలమున్నది. వ్యక్తి దుఃఖమును పెద్ద పనిలో కరగించుట ఎందఱనో నిలబెట్టినది. కాని కరగించుటకును కప్పిపుచ్చుటకును గల తేడాను ఉద్యమసాహిత్యము సరిగా పట్టించుకొనలేదు.

బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' ఈ రెంటికిని నడుమ నిలిచినది. 1946-47లో నవోదయ పత్రికలో ధారావాహికముగా వెలువడిన ఈ నవలలో నాయకుడు దయానిధి వైద్యుడు. తల్లిపై లోకము వేసిన నింద అతనిని వెన్నాడుచుండగా, కోమలి, అమృతము, ఇందిర మొదలగువారి నడుమ అతడు ప్రేమను వెదకుచు, దానిని పొందలేక, ఈయలేక తిరుగును. మన నవలలలో ఏ నాయకుడును ఇంతగా ఆలోచింపలేదు, ఇంత తక్కువగా పని చేయలేదు అని విసుగుకొనువారును గలరు. ఆ విసుగు అన్యాయము కాదు. అయినను, ప్రేమ లభింపకున్నను మనుష్యుల నడుమ బ్రతుకుటకు కావలసినది దయ, కొంచెము కరుణ యని తేల్చుటయందు ఈ నవల తెలుగులో ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానములలోకెల్ల పరిణతమైనది. ప్రేమకు ఎదుటివారి అంగీకారము కావలెను. దయకు అక్కఱలేదు. అందుచే దయ కాదనబడినవాని చేతిలోను మిగిలియుండును.

తెరమీది దేవదాసులు

శరత్‌బాబు వంగనవల దేవదాసు 1917లో అచ్చయినది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున 1953లో వచ్చిన తెలుగు దేవదాసు దానిని ఇంటింటి కథగా చేసినది. అక్కినేని మత్తుకన్నులు, సావిత్రి మౌనము, సుబ్బురామన్ సంగీతము కలసి, విఫలప్రేమ యనగనే సీసాయు దగ్గును గుర్తుకు వచ్చునట్లు చేసినవి. ఇచ్చట ఒక పొరపాటును సవరింపవలెను. దేవదాసుది ఏకపక్షప్రేమ కాదు. పార్వతి అతనిని వలచినది, అర్ధరాత్రి గడప దాటి వచ్చి అడిగినది, వెనుకాడినవాడు అతడే. ఆ కథలో నిజముగా ఒకవైపుననే నిలిచిన ప్రేమ చంద్రముఖిది. ఆమె కాదనిపించుకొన్నది, త్రాగలేదు, చావలేదు, వెనుకటి వృత్తిని వదలి వేఱొక బ్రతుకు బ్రతికినది. మన యువకులు ఏడు పదుల యేండ్లుగా దేవదాసును అనుకరించుచు వచ్చిరే గాని, చంద్రముఖిని అనుకరించిన వారెవరును కానరారు.

1981 నాటి ప్రేమాభిషేకము త్యాగమును జోడించినది. 2004లో సుకుమార్ ఆర్యతో వన్ సైడ్ లవ్ ఒక సిద్ధాంతమైనది: నీవు ప్రేమింపకున్నను సరే, నేను ప్రేమించుచుందును, నా ప్రేమను అనుభవింపుము అనుట. ఆ చిత్రము చమత్కారముగా తీసినదనుట నిజము. నాయకుడు తిరిగి ఏమియు కోరడనుటయు నిజమే. కాని తుదకు నాయిక అతని వశమగును. ఆ ముగింపుతో ఏమియు కోరని ప్రేమ కోరినదానిని పొందు ఉపాయమై కూర్చున్నది. ప్రతి అత్యంతాభావమును ప్రాగభావముగా చూపుట మన సినిమా చేసిన పెద్ద అపచారము. కాదన్నచో ఇంకను కాలేదని యర్థము, వెంటబడినచో అగును! 2017లో అర్జున్ రెడ్డి వచ్చినపుడు చెలరేగిన వివాదము, దేవదాసువలెనే అదియు పరస్పరప్రేమకథ యైనను, నాయకుని దౌర్జన్యము ప్రేమకు కొలతబద్ద యగునా యనుదానిపై నడచినది. సమర్థకులు పాత్రచిత్రణమనిరి, విమర్శకులు ఆదర్శీకరణమనిరి. చప్పట్లు ఏ ఘట్టమునకు పడినవో చూచినవారికి విమర్శకుల మాటయే సత్యమునకు దగ్గఱ యని తోచును.

శాస్త్రజ్ఞులు, శాసనకర్తలు

పాశ్చాత్య మనస్తత్త్వశాస్త్రము ఈ వాదమునకు మూడు ఉపయోగకరమైన సంగతులను చేర్చినది. 1979లో డొరొతీ టెన్నోవ్, తీవ్రవ్యామోహము ఆశ, అనిశ్చయముల కలయికచే పెరుగునని నిరూపింపజూచెను. అనగా ప్రాగభావ మను భ్రమయే దానికి ఆహారము. 2010లో హెలెన్ ఫిషర్ బృందము, అప్పుడే తిరస్కృతులైన 15 మంది మెదడులను పరీక్షించి, ప్రేమించినవారి ఛాయాచిత్రమును చూచునపుడు వ్యసనమునకు సంబంధించిన భాగములు చలించుటను గమనించెను. గనుక 'మఱచిపొమ్ము' అను పెద్దల సలహా సారాయికి మరగినవానితో 'మానుము' అనుటవంటిదే. తప్పు కాదు, చాలదు. మూడవది రాయ్ బౌమీస్టర్ తదితరులు 1993లో ప్రకటించిన పరిశోధన. ప్రేమించి భంగపడినవానికి ఎట్లు ప్రవర్తింపవలెనో నేర్పుటకు పాటలు, కథలు, నాటకములు కోకొల్లలుగా నున్నవి. కాదనవలసినవారికి అట్టి నమూనా యేదియు లేదు, వారు అపరాధభావముతోను కలవరముతోను నలుగుదురు. తెలుగునకు ఇది అక్షరాల వర్తించును. కాదన్న అమ్మాయి ఎట్లు మాటలాడవలెనో, అటుపిమ్మట ఎట్లు బ్రతుకవలెనో చెప్పిన పాట మనకొక్కటియు లేదు.

అర్థాన్వేషణమును గూర్చి విక్టర్ ఫ్రాంక్ల్ నాజీ శిబిరములనుండి బయటపడి 1946లో వ్రాసిన గ్రంథము, జీవితార్థమునకు మూడు ద్వారములను చూపినది: చేయు పని, పొందు అనుభవము లేక ప్రేమ, తప్పింపరాని దుఃఖముపట్ల వహించు వైఖరి. రెండవ ద్వారము మూసికొనినను తక్కిన రెండును తెఱచియే యుండునను ఆయన మాట, శ్రీశ్రీ పక్షమును బుచ్చిబాబు పక్షమును చెఱియొక ద్వారమున నిలుపుచున్నది.

శాసనము చాల ఆలస్యముగా వచ్చినది. 2008 డిసెంబరులో వరంగల్లున ఇద్దఱు ఇంజినీరింగు విద్యార్థినులపై ఆమ్లదాడి జరిగి, వారిలో ఒకరు మరణించినపుడు, వెంటబడుటను ప్రత్యేకనేరముగా పరిగణించు సెక్షను లేదు. 2013 సవరణతో ఆమ్లదాడియు, వెంటాడుటయు వేఱువేఱు నేరములైనవి. 2024 జూలై 1 నుండి అవి భారతీయ న్యాయసంహితలో 124, 78 సెక్షనులుగా నున్నవి. స్త్రీ తన అనాసక్తిని స్పష్టముగా తెలిపినపిమ్మటను పదేపదే వెంబడించుట నేరమని చట్టము చెప్పుచున్నది. 'లేదు' అను మాట ఏ క్షణమున అత్యంతాభావ మగునో నిర్ణయించు అధికారము చెప్పినవారిదే గాని విన్నవారిది కాదని, రాచకొండ లక్షణకర్త వదలిపెట్టిన చర్చను ఈ సెక్షను పూర్తిచేసినది.

తేలని సంగతులు

పక్షములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, ఆలంకారికులకు ఫలింపని ప్రేమ దోషము, భావకవులకు ధనము, అభ్యుదయవాదులకు దారిలో దిగవిడువవలసిన బరువు, సినిమాకు పందెము, వైద్యునకు వ్యాధి, చట్టమునకు హద్దు దాటనంతవరకు పట్టని విషయము. వీరిలో ఎవరును పూర్తిగా తప్పు చెప్పలేదు. అయినను, ఒక్క చలమును, బౌమీస్టర్ పరిశోధనను, ఇటీవలి చట్టమును తప్పించినచో, అందఱును ప్రేమించినవానివైపున నిలుచుండియే మాటలాడిరి. కాదన్నవారి వైపునుండి చూచినవారు లేరు. ఈ లోపము దిద్దుకొననిదే తక్కిన చర్చ ముందునకు సాగదు.

తేలనివి ఇంకను గలవు. రాయప్రోలు చెప్పినట్లు ప్రేమ స్నేహముగా మాఱుట సాధ్యమా, లేక అదియు ఆశను సజీవముగా ఉంచుకొను ఉపాయమేనా? స్త్రీల ఏకపక్షప్రేమను గూర్చి వరూధిని, చిత్రాంగి, చంద్రముఖి అను ముగ్గురిని తలచితిమి. ముగ్గురిని చెక్కినవారు పురుషులే. స్త్రీ తన తిరస్కృతిని తానే చెప్పుకొన్న రచనలను ఈ కోణమునుండి చదివి పరామర్శించు పని విమర్శకులు చేయవలసియున్నది. లెక్కలును అస్పష్టములే. జాతీయ నేరగణాంక సంస్థ 2021కి ప్రకటించిన 1,64,033 ఆత్మహత్యలలో 4.6 శాతము 'ప్రేమవ్యవహారముల' పద్దున చూపబడినవి. కాదనిపించుకొన్నవారు, కులాంతరప్రేమకు ఇంటివా రడ్డుపడినవారు, మోసపోయినవారు అందఱును ఆ ఒక్క పద్దులోనే యున్నారు. పద్దు విడదీయనిదే మందు విడిగా ఈయలేము. ఈ పని సంస్థ పూనుకొన్నచో కష్టమైనది కాదు.

ఈలోగా ఆ పద్దులో చేరు స్థితిలో నున్నవారెవరైనను ఇది చదువుచున్నచో వారికొక మాట. 2022 అక్టోబరు 10 నుండి కేంద్రప్రభుత్వము నడుపుచున్న టెలీమానస్ అను మానసికారోగ్య సేవకు 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును. పైకము చెల్లింపనక్కఱలేదు, రాత్రింబవళ్లు ఎప్పుడైనను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.